గ్వాంగ్జు 1980: తూటా గుర్తులున్న పదో అంతస్తు పిల్లలకు ఏం నేర్పుతుంది? | రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో నేను సమీక్షించబోయేది ఒక భవనాన్ని. దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు నగరంలో గుమ్నమ్నో అనే పెద్ద వీధి ఉంది. అందులో 245వ నంబరు భవనం పేరు జొనిల్. పది అంతస్తులు, ఒకప్పుడు పత్రికా కార్యాలయం. నేర పరిశోధన నిపుణులు దీని గోడల్లో, స్తంభాల్లో, నేల మీద 2017లో లెక్క తేల్చిన తూటా గుర్తులు కూడా సరిగ్గా 245. బాగు చేసి 2020లో ప్రజలకు తెరిచినప్పుడు ‘జొనిల్ భవనం 245’ అనే పేరు పెట్టారు. తర్వాత మరో 25 గుర్తులు బయటపడ్డాయి, మొత్తం 270 అయ్యాయి. పేరు మాత్రం మార్చలేదు.

నేను కొరియాలో ఉంటున్నాను. వేసవి సెలవులకు మా అక్క పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. పెద్దవాడు ఇంటర్, చిన్నది తొమ్మిదో తరగతి. కొరియా అంటే వాళ్ళకు పాటలు, సీరియళ్ళు, మొహానికి రాసుకునే క్రీములు. అయితే 2024 డిసెంబర్ 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, ప్రకటించడం, జనం పార్లమెంటు ముందుకు పరిగెత్తుకు రావడం, 190 మంది సభ్యులు సమావేశమై ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా దాన్ని రద్దు చేయాలని తీర్మానించడం, తెల్లవారేలోగా అది ఎత్తివేయక తప్పకపోవడం, ఇదంతా వాళ్ళు ఫోన్లలో చూశారు. మావాడు వచ్చీ రాగానే అడిగాడు: “పిన్నీ, అర్ధరాత్రి అంతమంది అంత త్వరగా ఎలా వచ్చారు? భయం లేదా?”

భయం ఉంది కాబట్టే వచ్చారు. మార్షల్ లా అంటే ఏమిటో ఆ దేశంలో ఒక తరం ఒంటి మీద అనుభవించింది. అది తెలియాలంటే గ్వాంగ్జు వెళ్ళాలి. వెళ్ళాం.

ముందు కథ. 1979 అక్టోబర్ 26న నియంత పార్క్ చుంగ్ హీని ఆయన సొంత గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపాడు. ఇక ప్రజాస్వామ్యం వచ్చేస్తుందని జనం ఆశపడ్డారు. డిసెంబర్ 12న చున్ డూ హ్వాన్ అనే సైనిక జనరల్ సైన్యాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. 1980 మే 17 రాత్రి మార్షల్ లాను దేశమంతటికీ విస్తరించాడు, కిమ్ డే జంగ్ లాంటి ప్రతిపక్ష నాయకులను అరెస్టు చేయించాడు, విశ్వవిద్యాలయాలు మూయించాడు. మే 18 ఉదయం గ్వాంగ్జులోని చొన్నమ్ విశ్వవిద్యాలయం గేటు దగ్గర విద్యార్థులు నిరసన తెలిపారు. పారాట్రూపర్లు లాఠీలతో వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. ఆ తర్వాత దారిన పోయేవాళ్ళను, బస్సుల్లో ఉన్నవాళ్ళను కూడా దించి కొట్టారు.

అక్కడి నుంచి ఇది విద్యార్థుల గొడవగా మిగల్లేదు. మే 20 సాయంత్రం టాక్సీలు, బస్సులు హెడ్‌లైట్లు వేసుకుని ఇదే గుమ్నమ్నో వీధిలో ఊరేగింపుగా వచ్చాయి. మే 21 మధ్యాహ్నం ఒంటిగంటకు, ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం ముందు లౌడ్‌స్పీకర్లో జాతీయ గీతం వినిపిస్తుండగా సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. జనం పోలీసు ఠాణాల నుంచి తుపాకులు, ఆసియా మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి వాహనాలు తెచ్చుకుని ఎదురు తిరిగారు. ఆ ఫ్యాక్టరీ తర్వాత కియాలో కలిసిపోయింది. అవును, మన పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న కియానే. అనంతపురం వైపు నుంచి చూస్తున్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇక్కడికి వస్తే మాట్లాడటానికి పనికొస్తుంది.

ఆ సాయంత్రం సైన్యం ఊరి బయటికి వెనక్కి తగ్గింది. మే 22 నుంచి 26 వరకు ఊరిని ఊరి జనమే నడుపుకున్నారు. ఆసుపత్రుల ముందు రక్తం ఇవ్వడానికి క్యూలు కట్టారు. మార్కెట్లో కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్ళు గంజులకు గంజులు అన్నం వండి, ముద్దలు చేసి పంచారు. మే 27 తెల్లవారుజామున సైన్యం ట్యాంకులతో తిరిగి వచ్చి, ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయంలో మిగిలినవాళ్ళలో కొందరిని చంపి, మిగతావాళ్ళను పట్టుకుంది. అధికారిక లెక్క ప్రకారమే 160 మందికి పైగా పౌరులు చనిపోయారు, ఆచూకీ తెలియనివాళ్ళు వేరే. రక్తం ఇచ్చి ఇంటికి తిరిగి వెళ్తూ తూటాకు బలైన హైస్కూలు అమ్మాయి ఆ లెక్కలో ఉంది. మా చిన్నదాని కంటే కొద్దిగా పెద్దది, అంతే.

ఇప్పుడు భవనంలోకి వెళ్దాం. టికెట్ లేదు, ప్రవేశం ఉచితం. నేరుగా పదో అంతస్తుకు వెళ్ళండి.

లోపల దెబ్బతిన్న నేల, స్తంభాలు, పైకప్పు ఎలా ఉన్నాయో అలాగే ఉంచారు. సున్నం రాలిపోయి, సిమెంటు పెచ్చులు ఊడిపోయి, చిన్న చిన్న గుంటలు. మొదటిసారి చూస్తే పాత భవనం కాబట్టి ఇలాగే ఉంటుందిలే అనిపిస్తుంది. మా చిన్నది ఆ మాటే పైకి అనేసింది. నాకైతే ఆ క్షణం నుంచే పాఠం మొదలైందనిపించింది, ఎందుకంటే 1980లో హెలికాప్టర్ నుంచి ఇక్కడ కాల్చారని చూసినవాళ్ళు చెబుతుంటే, దశాబ్దాల పాటు సైన్యం చెప్పింది కూడా అలాంటి మాటే: హెలికాప్టర్ నుంచి ఎవరూ కాల్చలేదు, చూశామన్నవాళ్ళు అబద్ధాలు చెబుతున్నారు.

మావాడిని స్తంభం దగ్గర నిలబెట్టి అడిగాను: కింద వీధిలో నిలబడి కాలిస్తే తూటా ఎటు వెళ్తుంది? పైకి. అంటే పైకప్పుకు తగలాలి. మరి ఇక్కడ నేలకు ఎందుకు తగిలింది? పక్క భవనం మీద నుంచి కాల్చారేమో అన్నాడు. బాగుంది. అయితే అప్పట్లో చుట్టుపక్కల ఇంత ఎత్తు భవనం లేదు. పది అంతస్తుల ఎత్తులో, కిటికీకి ఎదురుగా, గాలిలో నిలబడి కాల్చగలిగేది ఏమిటి? వాడు కాసేపు కిటికీ వైపు చూసి, మెల్లగా “హెలికాప్టర్” అన్నాడు.

కొరియా జాతీయ ఫోరెన్సిక్ సంస్థ నిపుణులు 2017లో వచ్చింది కూడా ఈ నిర్ణయానికే. గాలిలో నిలిచి ఉన్న హెలికాప్టర్ నుంచి కాల్చి ఉండే అవకాశమే ఎక్కువ అన్నారు. 2018లో రక్షణ శాఖ నియమించిన విచారణ సంఘం మే 21, 27 తేదీల్లో హెలికాప్టర్ల నుంచి కాల్పులు జరిగాయని ఒప్పుకుంది. హెలికాప్టర్ కాల్పులు కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పిన చో బి ఓ అనే క్యాథలిక్ ఫాదర్‌ను చున్ డూ హ్వాన్ తన ఆత్మకథలో అబద్ధాలకోరు అని తిట్టాడు. అప్పటికే ఆ ఫాదర్ చనిపోయారు. చనిపోయిన మనిషి పరువు తీశాడని 2020 నవంబర్‌లో కోర్టు చున్‌ను దోషిగా తేల్చింది. ఆ కేసులో ఈ గుంటలే సాక్షులు.

ఈ భవనం గొప్పతనం నాకు ఇక్కడే కనిపించింది. పద్నాలుగేళ్ళ పిల్లను కూర్చోబెట్టి “ఇక్కడ ఘోరం జరిగింది, బాధపడు” అంటే ఆవలిస్తుంది. “ఇది జరిగిందని ఎలా తెలుసు, నువ్వే చెప్పు” అంటే కళ్ళు పెద్దవి చేసుకుని వెతుకుతుంది. తొమ్మిదో అంతస్తులో గ్వాంగ్జు గురించి పుట్టించిన అబద్ధాల మీద కూడా ఒక భాగం ఉంది. ఉత్తర కొరియా సైనికులు వచ్చి చేయించారన్న పుకారు అన్నిటికంటే పేరు మోసింది. అది ఎంత పుక్కిటి పురాణమో విచారణలు, కోర్టులు తేల్చాయి. అయినా చావలేదు. గ్వాంగ్జు గురించి తప్పుడు ప్రచారం చేస్తే ఐదేళ్ళ దాకా జైలు శిక్ష వేసేలా 2021లో చట్టం తెచ్చారు. చట్టంతో అబద్ధం ఆగుతుందా అన్న విషయంలో నాకు అనుమానమే. ఎందుకంటే 2024లో రోబ్లాక్స్‌లో, అంటే ఆన్‌లైన్‌లో చిన్నపిల్లలు ఆడుకునే చోటే, గ్వాంగ్జును ఇలా వక్రీకరించిన ఆట ఒకటి బయటపడింది. దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేసింది ఎవరో తెలుసా? ఒక ప్రాథమిక పాఠశాల విద్యార్థి. ఆ పిల్లవాడికి చట్టం నేర్పలేదు, ఎవరో ఉపాధ్యాయుడో తల్లో తండ్రో నేర్పి ఉంటారు.

ఇక నచ్చనివి. హెలికాప్టర్ నమూనా వేలాడదీసి, దీపాలు, శబ్దాలు, తెరల మీద బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టారు. ఖర్చు బాగానే పెట్టినట్టున్నారు. కానీ పక్కనే నిజమైన తూటా గుర్తులు పెట్టుకుని ఈ హంగామా ఎందుకు? మా చిన్నది ఫోను తీసి వీడియో తీసుకుంది, సినిమా బాగుందంది. నాకు చివుక్కుమంది. రెండోది, కాల్చినవాళ్ళ వైపు కథ పలచగా ఉంది. ఇరవై ఏళ్ళ సైనికుడు తన వయసు విద్యార్థిని ఎందుకు అలా కొట్టాడు? వాళ్ళకు ఏం నూరిపోశారు? కాల్చమని ఆదేశించింది ఎవరన్నది ఇన్ని విచారణల తర్వాత కూడా పూర్తిగా తేలలేదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే బాగుండేది. పిల్లలకు ముగిసిన కథ కంటే తేలని కేసే ఎక్కువ నేర్పుతుంది.

మెట్లు ఎక్కి మేడ మీదికి తప్పకుండా వెళ్ళండి. ఫౌంటెన్ ఉన్న చౌరస్తా, పాత ప్రభుత్వ కార్యాలయం, దూరంగా ముడుంగ్ కొండ ఒకే చూపులో కనిపిస్తాయి. ఇప్పటిదాకా విన్నదంతా ఎంత చిన్న చోటులో జరిగిందో అప్పుడు తెలుస్తుంది.

అదే వీధిలో నడిచి వెళ్ళగలిగే దూరంలో 5·18, అంటే మే 18, రికార్డుల భవనం ఉంది. పాత క్యాథలిక్ సెంటర్‌నే ఇలా మార్చారు. ఇక్కడి పత్రాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తీరిక ఉంటే ఇక్కడే ఎక్కువసేపు గడపండి. ప్రాథమిక పాఠశాల పిల్లలు ఆ రోజుల్లో రాసుకున్న డైరీ ఉంది, విలేకరుల నోటు పుస్తకాలు ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ‘తుసా హోబో’ అనే కరపత్రం. రేడియో, పత్రికలు ఊరి గురించి నోరు మెదపనప్పుడు, దుల్‌బుల్ రాత్రిబడిలో చదువుకునే కార్మికులు, చదువు చెప్పే విద్యార్థులు కలిసి సైక్లోస్టైల్ తీసి పంచిన పత్రిక అది. స్టెన్సిల్ మీద ఇనుప కలంతో అక్షరాలు గీసిన పార్క్ యోంగ్ జున్ మే 27న చనిపోయాడు. ఆయన చేతిరాతను ఇప్పుడు కంప్యూటర్ ఫాంటుగా మార్చారు. ఈ మాట వినగానే మావాడు ఫోనులో వెతికి దింపుకున్నాడు. సైక్లోస్టైల్ అంటే ఏమిటో వాడికి చెప్పడానికి మాత్రం నాకు పది నిమిషాలు పట్టింది.

స్కూళ్ళ సంగతి కూడా రెండు మాటలు. మే 18 వచ్చిందంటే చాలా బడుల్లో పిల్లలతో అన్నం ముద్దలు చేయిస్తారు. మంచి పనే. కానీ ఆ ముద్ద ఎవరు, ఎవరి కోసం, ఏ తుపాకుల మధ్య చేశారో చెప్పకపోతే అది వంటల తరగతి అయిపోతుంది. ఇంకో వైపు, 2022లో సవరించిన పాఠ్యప్రణాళికలో గ్వాంగ్జు ఉద్యమం పేరే కనిపించకపోవడంతో పెద్ద దుమారం రేగింది. పాఠ్యపుస్తకాల్లో ఉండేలా చూస్తామని ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది. పేరు ఉంచడానికే ఇంత గొడవైతే, పిల్లలకు సరిగ్గా చెప్పడానికి ఎంత కష్టపడాలో ఊహించుకోండి.

చివరగా మాంగ్వొల్దోంగ్ శ్మశానవాటిక. 1980లో శవాలను చెత్త లారీల్లో తెచ్చి పాతిపెట్టిన చోటు. దగ్గర్లోనే కొత్త జాతీయ శ్మశానవాటిక కట్టి చాలామంది సమాధులను అక్కడికి మార్చారు. సమాధుల దగ్గర ఫొటోలు ఉంటాయి, కొన్ని స్కూలు యూనిఫామ్‌లో ఉన్నవి. పాత శ్మశానం దారిలో నేలలో ఒక రాయి పాతి ఉంటుంది. అధికారంలో ఉన్నప్పుడు చున్ ఒక పల్లెలో బస చేశాడని అక్కడ వేసిన శిలాఫలకం అది. తెచ్చి, వచ్చేవాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళేలా పాతారు. “పిన్నీ, అక్షరాలున్న రాయి కదా, తొక్కవచ్చా?” అని మా చిన్నది ఆగిపోయింది. నీ ఇష్టం అన్నాను. పక్క నుంచి తిరిగి వెళ్ళింది. వాడు మాత్రం రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు. దారంతా ఇద్దరూ ఆ విషయం మీద కొట్టుకున్నారు. చున్‌కు 1996లో మరణశిక్ష పడిందని, తర్వాత అది జీవితఖైదుగా మారిందని, 1997 చివర్లోనే క్షమాభిక్షతో బయటికి వచ్చాడని, 2021లో క్షమాపణ చెప్పకుండానే చనిపోయాడని, 2023లో ఆయన మనవడు ఇక్కడికి వచ్చి తన కోటుతో సమాధి రాళ్ళు తుడిచాడని చెప్పాక గొడవ ఇంకా పెరిగింది.

నా మార్కులు: జొనిల్ భవనానికి పదికి ఎనిమిది. పదిలోంచి హంగామా ప్రదర్శనకు ఒకటిన్నర తగ్గించి, మేడ మీదికి అర కలిపి చూస్తే తొమ్మిదని మావాడి వాదన. నాది ఎనిమిదే. రికార్డుల భవనానికి తొమ్మిది. పన్నెండేళ్ళ లోపు పిల్లలైతే శ్మశానవాటిక వదిలేసి పదో అంతస్తు, మేడ చూపించండి, చాలు. పెద్ద పిల్లలైతే నేను వెళ్ళిన వరసలోనే వెళ్ళండి, ముందు సాక్ష్యం, ఆ తర్వాతే సమాధులు. సమాధులతో మొదలుపెడితే పిల్లలు తల వంచుకుని నిలబడతారు కానీ ప్రశ్నలు అడగరు. శ్మశానవాటికకు నగరం మధ్య నుంచి బస్సు ఉంది, దాని నంబరు 518. ప్రయాణం కాస్త ఎక్కువసేపే పడుతుంది, ఎక్కే ముందు పిల్లలకు ఏమైనా తినిపించండి.