ట్యాంక్ ఈరోజు, చేపలు నెల తర్వాత: మొదటిసారి గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్ల కోసం

[దృశ్యం: హాల్లో గోడ పక్కన మూడడుగుల గాజు ట్యాంక్. నిండా నీళ్లు. ఫిల్టర్ తిరుగుతోంది. చేపలు లేవు.]

నమస్తే అండి. ఈ ట్యాంక్‌లో ఒక్క చేప కూడా లేదు. మూడు వారాలుగా ఫిల్టర్ ఆపకుండా తిప్పుతున్నాను, రోజూ చిటికెడు చేపల మేత వేస్తున్నాను. ఇంటికి వచ్చినవాళ్లందరూ చేపలు ఏవి అని అడుగుతున్నారు. ఇంకో వారం పది రోజుల్లో వస్తాయి. అంతవరకు ఎందుకు ఆగుతున్నానో చెప్పడానికే ఈ వీడియో.

ఎనిమిదేళ్ల కిందట మా పాప పుట్టినరోజుకి రెండు గోల్డ్‌ఫిష్ కొన్నాం. షాపులో గాజు బౌల్, రంగురాళ్లు, మేత డబ్బా, చేపలు అన్నీ ఒకేసారి ఇచ్చారు. రోజూ నీళ్లు మారిస్తే చాలన్నారు. మేం అలాగే రోజూ నీళ్లన్నీ పారబోసి, బౌల్‌ని కుళాయి కింద శుభ్రంగా తోమి, కొత్త నీళ్లు పోశాం. ఐదో రోజు ఒకటి, ఎనిమిదో రోజు రెండోది చనిపోయాయి. పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాం కదా, మరి ఎందుకు పోయాయో అప్పుడు అర్థం కాలేదు.

[దృశ్యం: తెల్ల కాగితం మీద చేతితో గీసిన చేప బొమ్మ. మొప్పల దగ్గర నుంచి బాణం గుర్తు.]

చేప తిన్నదాంట్లోంచి అమ్మోనియా తయారవుతుంది. దాన్ని ఎక్కువగా మొప్పల గుండానే నీళ్లలోకి వదిలేస్తుంది. కింద పడ్డ రెట్ట, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. చెరువులో అయితే అది ఎంతో నీటిలో కలిసిపోతుంది. మూడు లీటర్ల బౌల్‌లో ఎక్కడికి పోతుంది? చేప తను వదిలిన విషంలోనే తను ఊపిరి పీల్చాలి. మొప్పలు ఎర్రబడతాయి, చేప పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతూ ఉంటుంది. పిల్లలు అది మనతో మాట్లాడుతోంది అనుకుంటారు. పాపం, దానికి ఊపిరాడటం లేదు.

గోల్డ్‌ఫిష్ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి ఉన్నాయి కదా, ఇదీ ఆ కార్ప్ కుటుంబమే. దీనికి జీర్ణాశయం ఉండదు. తిన్నది పేగుల్లోంచి త్వరగా బయటికి వచ్చేస్తుంది, మళ్లీ ఆకలి. బాగా తింటుంది, బాగా మురికి చేస్తుంది.

మరి ట్యాంక్‌లో ఈ అమ్మోనియాను ఎవరు తీసేస్తారు? కంటికి కనిపించని బ్యాక్టీరియా. ఇవి ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద, అద్దం మీద పెరుగుతాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. రెండో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత ఉన్నా చేప తట్టుకుంటుంది, వారానికోసారి కొన్ని నీళ్లు మార్చి దాన్ని మనం తీసేయొచ్చు.

ఈ రెండు రకాలూ స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో అవి లేవు. అందుకే ట్యాంక్, చేపలు ఒకే రోజు కొన్నవాళ్లకు మొదటి రెండు మూడు వారాల్లోనే చేపలు ఎక్కువగా చనిపోతాయి. మేం చేసింది ఇంకా ఘోరం. బౌల్‌లో కాస్తో కూస్తో పుట్టిన బ్యాక్టీరియాను కూడా రోజూ తోమి కడిగేశాం.

[దృశ్యం: గిన్నెలో గోరువెచ్చని పాలు. చెంచాతో తోడు వేస్తున్న చెయ్యి. తర్వాత పాత ఫిల్టర్ స్పాంజి.]

దీనికి ఒక దగ్గర దారి ఉంది. పాలలో తోడు వేస్తేనే కదా పెరుగు అయ్యేది. అలాగే మీకు తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా బాగా నడుస్తున్న ట్యాంక్ ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. అదే తోడు. వారాలు తగ్గిపోతాయి. వాళ్ల చేపలు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో మాత్రం ముందు చూసుకోండి, జబ్బు కూడా తోడుతో పాటే వచ్చేస్తుంది.

తోడు దొరక్కపోతే నేను చేస్తున్నట్టు ఖాళీ ట్యాంక్‌లో రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. అయిపోయిందని ఎలా తెలుస్తుంది? చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కొద్దిగా కనిపిస్తే ట్యాంక్ సిద్ధం. రంగురాళ్లు, ప్లాస్టిక్ కోటల మీద పెట్టే డబ్బు ఈ కిట్ మీద పెట్టండి అని నా మాట.

[దృశ్యం: టేపుతో ట్యాంక్ కొలుస్తున్నారు.]

ఇక ట్యాంక్ ఎంత ఉండాలి? షాపులో చేప మీ బొటనవేలంత ఉంటుంది. అది పిల్ల. తోక పొడవుగా, ఒళ్లు సన్నగా ఉండే మామూలు గోల్డ్‌ఫిష్, కామెట్ లాంటివి సరిగా పెరిగితే అడుగు దాకా వస్తాయి. బొద్దుగా ఉండే ఒరాండా, ర్యూకిన్, నల్లగా ఉండే బ్లాక్ మూర్ వంటివి 15 నుంచి 20 సెంటీమీటర్లు. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతుకుతాయి. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్‌ను 1956లో ఒక తిరునాళ్లలో ఆటలో గెలుచుకుని ఇంటికి తెచ్చారు. అది 1999 దాకా, 43 ఏళ్లు బతికింది.

మొదటి చేపకు 75 లీటర్లు, ఆ తర్వాత ప్రతి చేపకు ఇంకో 40 లీటర్లు అని లెక్క వేసుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్‌లో 57 లీటర్ల లోపే పడతాయి. మూడడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పు, ఎత్తు ఉంటే 125 లీటర్లు దాటుతుంది. బొద్దు రకం చేపలు రెండింటికి అది సరిపోతుంది. లీటరు నీళ్లు కిలో అని మర్చిపోకండి. గాజు, రాళ్లు కలిపితే దాదాపు ఒకటిన్నర క్వింటాళ్ల బరువు. టీవీ స్టాండ్ మీద పెట్టకండి. ఇటలీలో రోమ్ నగరం 2005లో గోల్డ్‌ఫిష్‌ను గుండ్రటి గాజు బౌల్స్‌లో ఉంచకూడదని నిబంధన పెట్టింది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నా కోరిక.

మీ ఇంటి పెరట్లో పాత సిమెంటు తొట్టి ఉంటే మీరు అదృష్టవంతులు. నీడలో ఉన్న పెద్ద తొట్టిలో కామెట్లు హాయిగా పెరుగుతాయి, దోమపిల్లల్ని కూడా తినేస్తాయి. కొత్త సిమెంటయితే చాలాసార్లు నీళ్లు నింపి పారబోసి, సున్నం ఘాటు పోయాకే చేపల్ని వదలాలి. పైన వల కట్టండి, లకుముకి పిట్టకూ పిల్లికీ కూడా గోల్డ్‌ఫిష్ అంటే ఇష్టమే. అపార్ట్‌మెంట్‌లో అయితే బొద్దు రకం రెండు. రెండు రకాలూ ఒకే ట్యాంక్‌లో వద్దు. సన్నవి వేగంగా ఈది మేత అంతా తినేస్తాయి, పాపం బొద్దువి చూస్తూ ఉండిపోతాయి.

ఫిల్టర్ గంటకు ట్యాంక్ నీళ్లను కనీసం ఐదారు రెట్లు తిప్పేది తీసుకోండి. నీళ్లు బయటికి వచ్చే మూతిని అద్దం వైపు తిప్పండి, బొద్దు చేపలు ఎదురునీటిలో ఈదలేవు. అడుగున శనగగింజంత రాళ్లు వేయకండి. ఇవి రాళ్లు నోట్లో వేసుకుని చప్పరించి ఉమ్మేసే చేపలు, గొంతులో ఇరుక్కుంటాయి. సన్నటి ఇసుక గానీ, నోట్లో పట్టనంత పెద్ద గులకరాళ్లు గానీ వేయండి. ఏమీ వేయకపోయినా మంచిదే.

[దృశ్యం: రెండు బకెట్ల నీళ్లు. ఒకదాని మీద మున్సిపల్ నీళ్లు అని, ఇంకోదాని మీద బోరు నీళ్లు అని చీటీలు.]

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పలను కాలుస్తుంది, మనం నెలంతా పెంచుకున్న బ్యాక్టీరియాను చంపుతుంది. వెడల్పు బకెట్‌లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ ఆక్సిజన్ తక్కువ, కాబట్టి వాటిని కూడా రాత్రంతా గాలి పంపు పెట్టి ఉంచండి. కాస్త ఉప్పదనం, గట్టిదనం ఉన్నా గోల్డ్‌ఫిష్‌కు పర్వాలేదు. తాగడానికి వాడే ఆర్ఓ నీళ్లే మంచివనుకుని అవే పోస్తుంటారు కొందరు. వాటిలో చేపకు కావలసిన లవణాలు ఉండవు, పోయకండి.

వారానికోసారి నాలుగో వంతు నుంచి మూడో వంతు నీళ్లు పైపుతో అడుగు నుంచి లాగి, అన్నే కొత్త నీళ్లు పోయాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. బకెట్‌లోకి లాగిన ట్యాంక్ నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. గోధుమరంగులో జిడ్డుగా ఉన్నా ఉండనివ్వండి, అక్కడే మన బ్యాక్టీరియా ఉండేది.

చేపల్ని తెచ్చిన రోజు కవరును విప్పకుండా ట్యాంక్‌లో 15, 20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత కవరులోకి కొద్దికొద్దిగా ట్యాంక్ నీళ్లు కలిపి, చేపను మాత్రం వలతో తీసి వదలండి. కవరు నీళ్లు ట్యాంక్‌లో పోయకూడదు. ఎంతో ప్రయాణం చేసి వచ్చి ఉంటుంది, ఆ రోజు మేత కూడా వద్దు.

మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే. గుడి కోనేట్లో మరమరాలు వేసే అలవాటు మనకు ఉంది, ఇంట్లో వద్దు. అన్నం, బ్రెడ్డు కూడా వద్దు. గుండ్రటి గింజల మేత అయితే నిమిషం నానబెట్టి, మునిగేలా వేయండి. బొద్దు చేపలు పైన తేలే మేత కోసం గాలి మింగి, ఒరిగిపోయి తలకిందులుగా తేలుతుంటాయి. అలా అయితే ఒక రోజు పస్తు ఉంచి, మర్నాడు ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠాణీ నలిపి వేయండి. చాలాసార్లు కుదురుకుంటాయి.

[దృశ్యం: మిట్ట మధ్యాహ్నం. మేడ మీద నల్లటి నీళ్ల ట్యాంక్.]

మన ఊళ్లలో అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప, 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి. హీటర్ అసలు అక్కర్లేదు, ఎవరైనా అంటగట్టినా తీసుకోకండి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా వేడి నీళ్లలో అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం. అందుకే ఎండాకాలంలో మేత తగ్గించండి, గాలి పంపు రాత్రీపగలూ నడపండి, మూత తీసి వల వేసి, నీటి మీదుగా ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు మార్చేది తెల్లవారుజామునే. మధ్యాహ్నం కుళాయి తిప్పితే మేడ మీద ట్యాంక్ నుంచి కాగిన నీళ్లే వస్తాయి.

కరెంటు పోతే టెన్షన్ పడకండి. పవర్ బ్యాంక్‌కు పెట్టుకునే చిన్న గాలి పంపు ఒకటి ముందే కొని ఉంచుకోండి. అది కూడా లేకపోతే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి, పది నిమిషాలకోసారి. నేను ఒక రాత్రంతా అలా చేశాను. రెండు చేపలూ దక్కాయి.

ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది జబ్బు, వెంటనే మందు వేయాలి. కానీ మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరుసగా తెల్ల చుక్కలు ఉండి, చేప హుషారుగా ఉంటే అది మగచేప, జత కట్టే కాలం. ఈ తేడా తెలియక మంచి చేపకు మందు పోసినవాళ్లు ఉన్నారు. చేప పైకి వచ్చి గాలి మింగుతుంటే మందుల జోలికి వెళ్లకముందే మూడో వంతు నీళ్లు మార్చండి.

పెంచలేకపోతే కాలవలోనో చెరువులోనో వదిలేయొద్దండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ అనే ఊరి చెరువులో ఇలా వదిలిన గోల్డ్‌ఫిష్ బాగా పెద్దవైపోతే 2021లో అక్కడి అధికారులు దయచేసి వదలొద్దని జనాన్ని బతిమాలారు. అవి అడుగు మట్టి కెలికి, నీళ్లు బురద చేసి, మిగతా చేపలకు బతుకు లేకుండా చేస్తాయి. షాపుకు తిరిగి ఇచ్చేయండి, లేదా పెరట్లో తొట్టి ఉన్నవాళ్లను అడగండి.

[దృశ్యం: మళ్లీ ఖాళీ ట్యాంక్. నీళ్లలోకి చిటికెడు మేత పడుతోంది.]

మీ ట్యాంక్ పొడవు, వెడల్పు, ఎత్తు, మీ ఇంటికి వచ్చేది ఏ నీళ్లో కింద కామెంట్‌లో రాయండి. ఎన్ని చేపలు పడతాయో, ఏ రకం నప్పుతుందో లెక్క వేసి ఒక్కొక్కరికీ జవాబు రాస్తాను. ఇందులోకి చేపల్ని వదిలే రోజు ఇంకో వీడియో పెడతాను. ఈసారి చేపల పేర్లు పాపే పెడుతుంది.