తల లేని కోటాసారస్

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఈరోజు సైన్స్ దినోత్సవం కదా, సి.వి. రామన్ గారి గురించి ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను నేరుగా డైనోసార్ దగ్గరికి వస్తాను.

చిత్తూరు వైపు ఒక స్కూలు ఎగ్జిబిషన్లో ఏడో తరగతి పాప అట్టతో కోటాసారస్ అనే డైనోసార్ బొమ్మ చేసింది. ఒళ్లంతా రంగు వేసి, తల మాత్రం తెల్లగా వదిలేసింది. అదేంటమ్మా అంటే "తల దొరకలేదంట సార్" అంది. జడ్జిగా వచ్చినాయన "పని పూర్తి కాలేదు" అని మార్కులు కోసేశారు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఆ హాల్లో అన్నిటికంటే నిజమైన బొమ్మ అదే!

తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు కలగాపులగంగా దొరికాయి. శాస్త్రవేత్త యాదగిరి గారు 1988లో వాటికి కోటాసారస్ అని పేరు పెట్టారు. తల దొరకలేదు, పళ్లు దొరికాయి. ఈ జాతి జంతువుల పుర్రె ఎముకలు పలచన, మెడకు గట్టిగా అతుక్కుని ఉండవు. చచ్చాక ముందు విడిపోయేది తలే.

మరి మిగతా ఒళ్లు ఎలా కట్టారు? కుడి తొడ ఎముక ఉంటే ఎడమది తెలిసిపోతుంది. ఒకదాంట్లో లేని ఎముక ఇంకోదాంట్లో దొరుకుతుంది. కండరం పట్టిన చోట ఎముక మీద గరుకు మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలను మొసలిలో, పక్షిలో ఉన్నవాటితో పోల్చి చూస్తారు. డైనోసార్‌కు బతికున్న దగ్గరి చుట్టాలు అవే. తలకొచ్చేసరికి మాత్రం దగ్గరి జాతుల పుర్రెలు చూసి ఊహించాల్సిందే. ఊహించడం తప్పు కాదు, ఊహ అని చెప్పకపోవడం తప్పు.

అన్నట్టు, తిరుమల కొండ మీది సహజ రాతి తోరణం, అదే శిలాతోరణం దగ్గర డైనోసార్ ఎముకలు దొరుకుతాయా అని చాలామంది అడుగుతుంటారు. దొరకవు. ఆ రాళ్లకు వంద కోట్ల ఏళ్లు ఎప్పుడో దాటాయి. అప్పటికి ఎముకలున్న జీవే లేదు.

మళ్లీ తల దగ్గరికే వస్తాను, ఆ పాప కోసం. అమెరికాలో పిట్స్‌బర్గ్ మ్యూజియంలో అపటోసారస్ అనే ఇంకో డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టినప్పుడు, ఏ తల దానిదో తేలలేదని డైరెక్టర్ హాలండ్ తల లేకుండానే ఉంచారు. ఆయన పోయాక 1934లో కామరాసారస్ తల తగిలించారు. అది వేరే జంతువు తల! 1979 దాకా జనం దాన్నే చూశారు. తర్వాత అసలుది పెట్టారు. అది, దీనిదే అయ్యుంటుందని హాలండ్ మొదట్లోనే అనుకున్న తలే.

టీచర్లూ, మీకు దండం పెట్టి అడుగుతున్నాను. వచ్చే ఎగ్జిబిషన్లో ప్రతి బొమ్మ కింద ఏది దొరికింది, ఏది ఊహించాం అని పిల్లలతో రాయించండి. అలా రాసినందుకు మార్కులివ్వండి.