ఎర్రా కాదు, పామూ కాదు

అందరికీ నమస్కారమండి. మాస్టారు ఫోన్ చేసి కప్పల గురించి ఏదైనా మాట్లాడమన్నారు, నేనేమో కాళ్లే లేని వాటి చుట్టాన్ని పట్టుకొచ్చాను. పేరు సిసీలియన్. కొబ్బరితోటలో బోదె తవ్వుతుంటే బయటపడే ఎర్రలూ, గుడ్డిపాములూ మీరు చూసినవే. చూడ్డానికి ఇదీ అలాగే ఉంటుంది గానీ, ఎర్రకి లేని వెన్నెముక, దవడలు, పళ్లు దీనికున్నాయి. గుడ్డిపాముకుండే పొడి పొలుసుల ఒళ్లు లేదు, అంతా తడి చర్మం, ఒంటినిండా ఉంగరాల్లాంటి మడతలు. కళ్లు చర్మం కింద ఉండిపోతాయి. కంటికీ ముక్కుకీ మధ్య మాత్రం ఓ బుల్లి మీసం లాంటిది ఉంటుంది, దాన్ని బయటికీ లోపలికీ ఆడిస్తూ మట్టిలో వాసన పట్టేస్తుంది. వెన్నెముక ఉన్న ఇంకే జీవికీ ఇది లేదు.

దక్షిణ అమెరికాలో సైఫనాప్స్ అనులేటస్ అని ఒక జాతి ఉంది. గుడ్లు పిల్లలయ్యాక తల్లి చర్మం పైపొరకి కొవ్వు పట్టి రంగు పాలిపోతుంది. పిల్లలు మీద పడి ఆ పొరని పళ్లతో గీరుకుని తింటాయి, తల్లి కదలకుండా పడుంటుంది, మళ్లీ కొత్త పొర వస్తుంది. కానీ ఈ విందు వారానికోసారే, మరి పిల్లలు అంత గబగబా ఎలా పెరుగుతున్నాయి? బ్రెజిల్‌లో బుటాంటాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కెమెరాలు పెట్టి కనిపెట్టారు, 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. పిల్లలు తల్లి తోక దగ్గర చేరి సన్నగా చప్పుడు చేస్తే, అక్కడి రంధ్రంలోంచి కొవ్వుతో, చక్కెరలతో పాలలాంటి ద్రవం వదులుతుంది, రోజుకి ఆరుసార్ల దాకా. గుడ్లు పెట్టే జీవి పాలివ్వడం ఏంటండీ అసలు!

మన డెల్టా సంగతి వదిలేయండి, మనకి దగ్గరలోనే ఉన్నాయి, ఆయ్. పశ్చిమ కనుమల్లో ఎక్కువ. తూర్పు కనుమల్లో, మన ఆంధ్రా–ఒడిశా కొండల్లో కూడా గెజెనియోఫిస్ ఓరియంటాలిస్ అనే కొత్త జాతి ఉందని 2013లో తేల్చారు. అంత ఆలస్యం ఎందుకంటే, వానాకాలంలో రాళ్లు దొర్లించి, మట్టి తిరగేస్తే తప్ప ఇవి దొరకవు. మనం లంబసింగి వెళ్లి మంచులో సెల్ఫీలు దిగొస్తాం, కాలి కింద ఏముందో ఎవడికి కావాలి?

విషం ఉంటుందా అని అడుగుతారని తెలుసు. ఇందాక చెప్పిన పాలిచ్చే సైఫనాప్స్ జాతికి పళ్ల మొదళ్ల దగ్గర గ్రంథులున్నాయని 2020లో చెప్పారు, వాటి ద్రవంలో పాము విషంలో ఉండే తరహా ఎంజైములు కనబడ్డాయి, అంతవరకే. మనిషికి ప్రమాదమని ఎవరూ తేల్చలేదు. ఇక వీడియో చూద్దాం, వెనకాల ఉన్నవాళ్లు ఆ లైటు ఆపండి.