అగరొత్తి పొగ ఎటు పోతోంది? ఇంట్లో గాజు టార్చి పనికి గాలి ఏర్పాటు

[దృశ్యం: బల్ల మీద టార్చి, అంటే గాజు కరిగించే గ్యాస్ బర్నర్. మంట లేదు. పక్కన వెలిగించిన అగరొత్తి.]

నమస్కారమండి. ఈ అగరొత్తి పూజకి కాదు. మా అమ్మ చూసి, "బర్నర్‌కి కూడా ధూపం వేస్తున్నావా?" అనడిగింది. వేస్తున్నాను. ఎందుకో చూడండి.

ఇవాళ మీకు చూపించడానికని నా పాత ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే వేశాను. అదిగో, వెనక గోడకి పైన, నా తల వెనక తిరుగుతోంది. కిటికీ నా ఎదురుగా ఉంది. ఇప్పుడు పొగని చూడండి. బల్ల మీంచి లేచింది, నా గడ్డం కిందకొచ్చింది, ముక్కు పక్కనుంచి పైకెళ్లింది, అప్పుడు తీరిగ్గా ఫ్యాను వైపు బయల్దేరింది.

మాది కోనసీమ, రాజోలు వైపు. పెరటి వసారాని గదిగా చేసుకుని గాజు పూసలు చేస్తుంటాను. మొదట్లో ఫ్యాను అమ్మినాయన, "పన్నెండంగుళాలదండి, గదంతా లాగేస్తుంది" అన్నాడు. అబద్ధమేం కాదు, లాగింది. నా మొహం మీదుగా లాగింది. సాయంత్రానికి తలనొప్పి, గొంతులో మంట. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి.

[దృశ్యం: టార్చి వెలిగింది. నీలం మంట దగ్గరగా.]

మంట నీలంగా, శుభ్రంగా ఉంది కదా, ఇందులో పొగేముంది అనిపిస్తుంది. గ్యాసుకి ఆక్సిజన్ తోడైతే మంట దాదాపు 2,800 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మన చుట్టూ ఉన్న మామూలు గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. అంటే మంట ఎంత బాగున్నా ఇవి పుడుతూనే ఉంటాయి. వీటిలో నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకి చేటు. కంటికి కనబడనంత తక్కువ ఉన్నా హాని చేయగలదు. ఎక్కువ పీలిస్తే అప్పటికి కాస్త దగ్గొచ్చి తగ్గినట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. టార్చి పని తర్వాత రాత్రి ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లి పగలు ఏం పని చేశారో చెప్పండి.

ఆక్సిజన్ చాలక మంట పసుపు రంగుకి తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గాజు మీద వెండి ఆవిరి పట్టించేటప్పుడు, కాడ్మియం అనే లోహం ఉన్న ఎరుపు, పసుపు గాజు కడ్డీలని అతిగా కాల్చినప్పుడు లోహపు పొగ కూడా చేరుతుంది. ఎన్95 మాస్కు దుమ్ముని ఆపుతుంది, ఈ వాయువులని ఆపదు. పెట్టుకున్నామన్న ధైర్యం ఒక్కటే మిగులుతుంది.

[దృశ్యం: వరిచేను. ఒక పక్క బోదె, ఎదురు పక్క మురుగు కాలువ.]

మరి ఏం చెయ్యాలి? మన డెల్టాలో ఏ రైతుకైనా తెలిసిన సంగతే. ధవళేశ్వరం నుంచి పంటకాలువ ఎంత నీరు తెచ్చినా, మురుగు కాలువ పూడిపోతే చేను కుళ్లిపోతుంది. మురుగు బాగుండి బోదె మూసుకుపోతే చేను ఎండిపోతుంది. గదిలో గాలికీ అంతే. వచ్చే దారొకటి, పోయే దారొకటి, మధ్యలో మనం ఎటు కూర్చున్నామన్నదే అసలు విషయం. కొత్తగాలి మన వీపు వెనక నుంచి రావాలి, భుజాల పక్కగా మంట మీదికి వెళ్లి, అటునుంచి అటే బయటికి పోవాలి.

[దృశ్యం: కొత్త బల్ల, మూడు పక్కలా మూసిన రేకు పెట్టె.]

ముందు పోయే దారి. ఇదిగో, రేకు పెట్టె. వెనక, రెండు పక్కలా, పైనా మూసి ఉంది. ముందు వైపు మాత్రమే తెరిచి ఉంటుంది, మంట మొన లోపలికి తిరిగి ఉంటుంది. తెరిచిన ముఖం నాది 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అంటే 6 చదరపు అడుగులు. ఒక్కో చదరపు అడుగుకి నిమిషానికి 100 నుంచి 125 ఘనపుటడుగుల గాలి లాగాలని ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. 6 ఇంటూ 125, 750. మన దగ్గర ఫ్యాన్ల మీద గంటకి ఇన్ని ఘనపు మీటర్లని రాస్తారు కాబట్టి 1.7తో హెచ్చవేయండి: 1,275.

"వంటింటి చిమ్నీ డబ్బా మీద 1,200 అని ఉందండి, అది సరిపోదా?" అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. రెండు చిక్కులున్నాయి. ఆ అంకె సాధారణంగా గొట్టం తగిలించకముందుది. గొట్టం, వంపులు, జాలీ చేరాక తగ్గిపోతుంది. రెండోది, చిమ్నీ నెత్తి మీద వేలాడుతుంది, పొగ దాన్ని చేరేలోపు మన ముక్కు తగులుతుంది. ఇక గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకమైతే ఈ పనికి అసలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్ దానికి చిక్కదు.

గోడ ఫ్యాను రెక్కలకి గొట్టంలో ఎదురయ్యే ఒత్తిడిని తోసే బలం ఉండదు. అందుకని నేను సెంట్రిఫ్యూగల్ బ్లోయర్, అంటే డబ్బాలో చక్రం తిరిగి గాలిని బలంగా గొట్టంలోకి తోసే రకం పెట్టాను, లెక్క కంటే కాస్త పెద్దది. గొట్టం 8 అంగుళాలది, గట్టి రేకుది. ముడతలు పడే ఫ్లెక్సిబుల్ గొట్టం బిగించడం సులువే గానీ గాలిని చాలా అడ్డుకుంటుంది. వంపు ఎంత తగ్గితే అంత మంచిది, నాకు ఒక్కటే వచ్చింది.

గొట్టం మూతి ఎటు పెట్టాలన్నదాని మీద మేస్త్రీతో ఒక పూట వాదన అయింది. ఆయన పడమటి గోడకి కన్నం కొడతానన్నాడు. నైరుతి రోజుల్లో గాలి సరిగ్గా అటునుంచే కొడుతుంది, పొగని తిరిగి లోపలికి నెడుతుంది. తూర్పుకి పెడదామంటే తుపాను కాలంలో అదే తంతు. చివరికి కప్పు దాటించి నిలువుగా పైకి తీశాం. మా గాలికి ఉప్పు కాబట్టి మామూలు రేకు తొందరగా తుప్పు పడుతుంది. మూతి దగ్గర ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించాను. కిటికీలకి దూరంగా ఉండాలి, మీవే కాదు, పక్కింటివాళ్లవి కూడా.

[దృశ్యం: వీపు వెనక కిటికీ, దోమల మెష్.]

వచ్చే దారి దగ్గరే చాలామంది దెబ్బతింటారు, నాతో సహా. కొత్త బ్లోయర్ పెట్టిన రోజు గది తలుపు దానంతటదే దఢేల్మని మూసుకుంది, తీయబోతే బరువుగా వచ్చింది. బలంగా లాగుతోందని మురిసిపోయాను. నిజానికి గదికి గాలి అందక గింజుకుంటోంది. అలాంటప్పుడు బ్లోయర్ ఏ సందు దొరికితే అందులోంచి లాక్కుంటుంది. ఇంట్లో గ్యాస్ గీజరుంటే దాని పొగ కూడా వెనక్కి రావచ్చు. చూస్తే కిటికీ తెరిచే ఉంది, కానీ దోమల మెష్ దుమ్ము పట్టి గుడ్డలా అయింది. కడిగాక తలుపు మామూలుగా తెరుచుకుంది. ఏసీ పెట్టి గది బిగించేస్తే ఈ ఏర్పాటంతా దండగ.

మే నెలలో ఆ మంట ముందు కూర్చోవడం నరకమే, ఒప్పుకుంటాను. అయినా సీలింగ్ ఫ్యాను వేయకండి. పెట్టెలోకి వెళ్తున్న పొగని చిలికి గదంతా పంచుతుంది. నేను తెల్లవారుజామున పని పెట్టుకుంటాను.

[దృశ్యం: పెరటి అరుగు మీద సిలిండరు.]

ఒక మాట గుర్తుంచుకోండి. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, బల్ల మీది పెట్టె దాన్ని పట్టదు. సిలిండరు బయట అరుగు మీద, నిలువుగా, గొలుసు కట్టి ఉంచండి. గదిలో నేలమట్టానికి కూడా ఒక గాలి కన్నం ఉండాలి. జాయింట్లకి సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఆక్సిజన్ రెగ్యులేటరుని నూనె చేతులతో ముట్టుకోవద్దు, అంటుకునే ప్రమాదం ఉంది. కొబ్బరినూనె లేని చెయ్యి మన కోనసీమలో దొరకడం కష్టం కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను.

కరెంటు సంగతి. పోతే బ్లోయర్ ఆగుతుంది, మంట ఆగదు. సిలిండరు బదులు ఆక్సిజన్ కాన్సెంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరు చేసే కరెంటు యంత్రం వాడేవాళ్లకి ఇంకో బెడద, అది కూడా ఆగి మంట పసుపు రంగుకి తిరిగి మసి కక్కుతుంది. ఇన్వర్టరు ఉన్నా లేకపోయినా, బ్లోయర్ చప్పుడు ఆగిందంటే టార్చి కట్టేయాల్సిందే. వెలిగించే ముందు బ్లోయర్ వేయండి, ఆర్పాక పావుగంట తిరగనివ్వండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టుకోండి, కానీ నైట్రోజన్ డయాక్సైడ్‌ని అది పసిగట్టదు.

[దృశ్యం: మళ్లీ అగరొత్తి, ఈసారి కొత్త ఏర్పాటు దగ్గర.]

ఇప్పుడు చూడండి. టార్చి ఆపి, బ్లోయర్ వేసి, అగరొత్తిని పెట్టె అంచుల చుట్టూ తిప్పుతున్నాను. పొగ గీత గీసినట్టు లోపలికి వంగుతోంది. ఈ ఎడమ మూల కొంచెం తడబడుతోంది, ఆ పక్క రేకు ఇంకో రెండంగుళాలు ముందుకి పొడిగించాలి.

నెలకోసారి ఇలా చూసుకుంటాను. పోయిన నెల పొగ అసలు కదల్లేదు. గొట్టం పైన చూస్తే ఉడుత కొబ్బరిపీచుతో గూడు కట్టుకుంది. ఇప్పుడు మూతికి వెడల్పు కళ్ల జాలీ బిగించాం.