అద్దంలో మాత్రమే కనబడే అమ్మాయి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. నన్ను పిలిచిన పిల్లలు "మేడమ్, ఇవాళ్టి ఆర్ట్‌లో శరీరం, జెండర్, ఐడెంటిటీ, వీటి గురించి మాట్లాడండి" అన్నారు. నేను బొమ్మలు గీసేదాన్ని, డ్రాయింగ్ నేర్పేదాన్ని, కాబట్టి కళ్ళతో చూసినవాటి దగ్గరే మొదలుపెడతాను.

సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. స్కూలు వాళ్ళు తీసుకెళ్ళి ఉంటారు, లేదంటే ఊరి నుంచి చుట్టాలొస్తే మీరే తీసుకెళ్ళి ఉంటారు. గంట కొట్టే గడియారం చూశాక జనమంతా వెళ్ళేది రెండు బొమ్మల దగ్గరికి. ఒకటి ముసుగు వేసుకున్న రెబెక్కా, బెన్జోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. పాలరాయి అని తెలిసినా సరే, ఆ ముసుగు అంచు పట్టుకుని పైకెత్తాలనిపిస్తుంది, అంత పల్చగా ఉంటుంది. రెండోది చెక్క బొమ్మ. ఒకే దుంగలో చెక్కింది. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫెలిస్, జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని దయ్యం, ఛాతీ విరుచుకుని నిలబడ్డ మగవాడు. వెనక అదే నాటకంలోని మార్గరెట్టా, తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకంతో ఉన్న అమ్మాయి. వెనకాల పెద్ద అద్దం పెట్టారు కాబట్టి మనకి ఇద్దరూ ఒకేసారి కనబడతారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న తీసుకెళ్ళాడు. అందరూ "అబ్బ, ఎంత బాగా చెక్కాడ్రా" అంటుంటే నేను పక్క నుంచి తల దూర్చి ఆ అమ్మాయిని అద్దంలో కాకుండా సూటిగా చూడాలని ప్రయత్నించాను. గార్డు కసిరాడు. ఇంటికొచ్చాక కూడా నాకు అదే దిగులు. ఆయన మన వైపు తిరిగి ఉన్నాడు, ఆమె గోడ వైపు తిరిగి ఉంది, అద్దం తీసేస్తే ఆమె లేనట్టే. ఇద్దరిదీ ఒకటే మాను, ఒకటే చేవ. మరి ఎవరు ముందుకి, ఎవరు వెనక్కి, ఎవరు తల ఎత్తాలి, ఎవరు దించాలి అన్నది ఎవరు తేల్చారు? నేను బొమ్మలు గీయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న నా వెంటే ఉంది.

శరీరం అనగానే మనవాళ్ళు బట్టలున్న బొమ్మా, బట్టల్లేని బొమ్మా అని రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటారు. నాకు ఆ గొడవ మీద ఆసక్తి లేదు. తనని ఎలా చూపించాలో ఆ బొమ్మలో ఉన్న మనిషిని ఎవరైనా అడిగారా? నేను ఏ బొమ్మ ముందు నిలబడ్డా ముందు వెతికేది ఇదే. 1989లో అమెరికాలో గెరిల్లా గర్ల్స్ అనే ఆడ ఆర్టిస్టుల బృందం ఒక పోస్టర్ వేసింది, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని మోడర్న్ ఆర్ట్ విభాగాల్లో ఆడ ఆర్టిస్టులు 5 శాతం కూడా లేరు, అక్కడి నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్ళవే అని. అంటే గోడ మీదకి ఎక్కాలంటే ఆడదానికి ఉన్న దారి అదొక్కటేనా అని అడిగారు. ఆ లెక్క చదివినప్పుడు నాకు మార్గరెట్టానే గుర్తొచ్చింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలు మీకందరికీ తెలుసు, ఆ స్లైడ్ వేయండి బాబూ. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కుపుడక, ఎర్రటి చీర, నల్లటి ఒళ్ళు. తెలంగాణ ఆడమనిషి అంటే ఇవాళ చాలామందికి మొదట మనసులో మెదిలేది ఈ బొమ్మే. అయితే ఆయన చిన్నప్పుడు కరీంనగర్ వైపు తమ ఊరికి నాటకాల బృందాలు వచ్చేవని, వాటిలో ఆడవేషం కట్టే మగవాళ్ళని చూసి మైమరచిపోయేవాడని చాలామందికి తెలియదు. ఒక్కసారి ఆలోచించండి. మనం అచ్చమైన ఆడతనం అనుకుంటున్న ఈ బొమ్మ వెనక, పెట్రోమాక్స్ వెలుగులో చీర సర్దుకుంటున్న ఒక మగమనిషి కూడా ఉన్నాడేమో. నాకు ఇది తెలిసిన రోజు ఆ బొమ్మ మీద ప్రేమ రెట్టింపైంది.

తెలుగువాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ కడితే ఆడవాళ్ళే వచ్చి ఆ నడక నేర్చుకోవాలనుకునేవాళ్ళని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. భామాకలాపంలో ముందు మనిషి రాదు, తెర మీదుగా జడ బయటికి వస్తుంది. ఆ జడ చాలు, సత్యభామ వచ్చేసినట్టే. ఆడతనం అనేది ఒంట్లో ఉందా, జడలో ఉందా, నడకలో ఉందా, చూసేవాళ్ళ కళ్ళలో ఉందా అని పెద్ద పెద్ద పుస్తకాలు అడిగే ప్రశ్నని ఒక్క జడతో అడిగేశారు కూచిపూడి వాళ్ళు. నాటకాల్లో స్థానం నరసింహారావు గారు 1920ల నుంచి ఆడపాత్రలు వేస్తుంటే జనం బండ్లు కట్టుకుని వచ్చారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇదే మాటకి రెండో వైపు కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను ఇక్కడ నిలబడి మాట్లాడటం తప్పవుతుంది. స్థానం వారు తెనాలి స్టేజీ మీద పేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ, నిజాం రాజ్యంలో, ఒక చట్టం అమల్లో ఉంది. 1329 ఫస్లీ, అంటే మన లెక్కలో 1919. హిజ్రాల పేర్లు, ఇళ్ళు ఒక రిజిస్టర్‌లో రాసి పెట్టాలి. ఆ రిజిస్టర్‌లో ఉన్న మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే, ఆడినా పాడినా, వారెంట్ లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నిజాం పోయాడు, భాషా రాష్ట్రం వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ కాగితం మాత్రం 104 ఏళ్ళు కదల్లేదు. స్టేజీ మీద చీర కట్టిన మగవాడికి చప్పట్లు, వీధిలో చీర కట్టుకున్న మనిషికి జైలు. తేడా చీరలో లేదు కదా. వేషం తీసేస్తాడు అన్న నమ్మకం ఉంటే చప్పట్లు కొడతాం, వేషం కాదు, నేనే ఇలా ఉన్నాను అంటే తట్టుకోలేం.

బోనాల రోజుల్లో నేను స్కెచ్‌బుక్ పట్టుకుని లష్కర్, అంటే సికింద్రాబాద్ వైపు తిరుగుతుంటాను. మొహం నిండా పసుపు రాసుకుని, చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని ఊగుతుంటారు మగ శివసత్తులు, అంటే అమ్మవారు పూనుతుందని జనం నమ్మేవాళ్ళు. జనం చంటిపిల్లల్ని తెచ్చి వాళ్ళ చేతుల్లో పెడతారు. రెండు వారాలు పోయాక సిగ్నల్ దగ్గర చీర కట్టుకున్న మనిషి చెయ్యి చాపితే అదే జనం కారు అద్దం పైకి ఎక్కిస్తారు. నేనూ ఎక్కించాను, ఒకప్పుడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే నాకు తేజల్ షా అనే ఆర్టిస్టు చేసిన పని అంత ఇష్టం. 2006లో హిజ్రాలతో కలిసి ఒక ఫోటోల వరస చేశారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకు ఎలా కనబడాలని ఉంది, మీ మనసులో కోరిక ఏంటి అని అడిగారు. ఒకామె యశోదనవుతానంది. రవివర్మ క్యాలెండర్ బొమ్మల్లో ఉంటారే, అలాంటి యశోద, ఒళ్ళో కృష్ణుడు, పైన చంద్రుడు. ఇంకొకామె సౌత్ ఇండియన్ సినిమా హీరోయిన్‌ని అవుతానంది. ఆ యశోద ఫోటో మొదటిసారి చూసినప్పుడు నేను ఆమె ఒంటి కేసి చూడలేదు, చేతుల కేసి చూశాను, బిడ్డని పట్టుకున్న తీరు. అడిగితే వచ్చిన బొమ్మకి, అడక్కుండా తీసిన బొమ్మకి తేడా ఆ చేతుల్లో ఉంటుంది.

అడగడానికి ఎదుట ఎవరూ లేకపోతే కొందరు తమ ఒంటినే ముందుకి తెచ్చారు. బెంగళూరు పుష్పమాల గారు క్లేర్ ఆర్నీ అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి 2000 నుంచి 2004 దాకా దక్షిణ భారత స్త్రీల మీద ఒక పెద్ద పని చేశారు, రవివర్మ లక్ష్మి దగ్గర్నుంచి తెల్లదొరల కాలంలో గళ్ళ గుడ్డ ముందు నిలబెట్టి కొలతలు తీసిన గిరిజన స్త్రీ దాకా అన్నీ ఆవిడే అయ్యారు. లక్ష్మిలా నిలబడ్డ అదే ఒళ్ళు కొలబద్ద ముందు కూడా నిలబడితే, దేవతని చేయడానికీ నమూనాని చేయడానికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో కనబడుతుంది.

బరోడాలో భూపేన్ ఖఖ్ఖర్ అని ఒకాయన, పొద్దున అకౌంటెంట్ ఉద్యోగం, మిగతా టైమంతా బొమ్మలు. 1981లో ఒక బొమ్మ వేశాడు, పేరుకి అర్థం అందరినీ మెప్పించలేవు అని. గాడిద, తండ్రీ కొడుకుల కథ మనందరికీ తెలుసు కదా, ఎక్కినా తిట్టారు, దిగినా తిట్టారు, ఆ కథంతా కింద వీధిలో నడుస్తుంటుంది, బాల్కనీలో ఒక నడివయసు మనిషి ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి చూస్తుంటాడు. అది ఆయనే. తను మగవాళ్ళని ఇష్టపడే మగవాణ్ణని ఆ బొమ్మతో లోకానికి చెప్పాడు. అలాంటి ప్రేమని నేరం అన్న 377 సెక్షన్‌ని సుప్రీంకోర్టు ఆ మేరకు పక్కన పెట్టింది 2018లో, అప్పటికి ఆయన పోయి 15 ఏళ్ళు. నాకు ఆ బొమ్మలో ఎక్కువ నచ్చేది ధైర్యం కంటే ఆ ఒళ్ళు. కండలు తిరిగిన వీరుడి ఒళ్ళు కాదు, మన బాబాయిలు స్నానం చేసి తువ్వాలు వెతుక్కునేటప్పుడు ఉండే ఒళ్ళు.

నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పాప పుట్టాక, సిజేరియన్ కుట్లతో ఉన్న నా పొట్టని బొగ్గుతో పెద్ద కాగితం మీద గీశాను. మొహం లేదు, పొట్ట, ఆ అడ్డగీత, దాని చుట్టూ సాగిన చర్మం చారలు. ఒక గ్రూప్ షోకి ఇచ్చాను. ప్రారంభానికి గంట ముందు నిర్వాహకులు "ఫ్యామిలీస్ వస్తారు మేడమ్" అని దింపేశారు. పక్క గోడ మీద నీళ్ళాడుతున్న పడుచుపిల్ల బొమ్మ అలాగే ఉంది, ఫ్యామిలీస్‌కి దానితో ఇబ్బంది లేదు. నేను ఆ కాగితం చుట్టుకుని ఆటోలో ఇంటికొచ్చి ఏడ్చాను. మా అమ్మ దాన్ని నేల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత ఏం మాట్లాడకుండా కొంగు పక్కకి జరిపి తన పొట్ట మీద గీత చూపించింది. మాది అడ్డంగా కోస్తారు, ఆవిడది నిలువుగా కోశారు. ఆవిడ కడుపున పుట్టి నలభై ఏళ్ళయిన నేను ఆ గీతని అదే మొదటిసారి చూడటం.

చదువుకుంటున్న పిల్లలకి చివరగా ఒక్క విషయం. మేము కాలేజీలో ఉన్నప్పుడు లైఫ్ క్లాసుకి ఒక అక్క మోడల్‌గా వచ్చేది. బస్తీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. చీర కొంగు బొడ్లో దోపి, బల్ల మీద కూర్చుని, అరగంట కదలకుండా. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి రెండు నిమిషాలు నడిచి మళ్ళీ అదే పోజు. నాలుగేళ్ళలో మా క్లాసు వాళ్ళం ఆమెవి వందల బొమ్మలు గీశాం, మార్కులు తెచ్చుకున్నాం, ఒక్కటి కూడా ఆమెకి చూపించలేదు. చూపించాలన్న ఆలోచనే రాలేదు. ఆమె ముక్కు, దవడ, భుజం ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీయగలను, అప్పట్లో ఆమె పిల్లల పేర్లు కూడా నాకు తెలియవు.

చాలా ఏళ్ళ తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కా, నిన్ను మళ్ళీ గీస్తాను, ఈసారి నువ్వు ఎట్లా చెప్తే అట్లా అన్నాను. నవ్వింది. "నిలబెట్టి గియ్యి బిడ్డా, కూసొని కూసొని నడుం పోయింది. ఇగ కండ్లు కిందికి వెట్టకు. మీరంతా నా కండ్లు కిందికే గీసిన్రు" అంది. పెళ్ళిళ్ళకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది, నా వైపు సూటిగా చూస్తూ. మూడు గంటలు పట్టింది. అయ్యాక కాగితం చేతిలోకి తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, కుడి మోచేతి దగ్గర వేలు పెట్టి, "గీ మచ్చ ఏది?" అంది. చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ, అరచేతి వెడల్పు ఉంటుంది. నాలుగేళ్ళు ఆ చేతిని గీసినా మాలో ఎవరమూ ఆ మచ్చ వేయలేదు. నేను మళ్ళీ కూర్చుని, బొగ్గు అరగదీసి, వేలితో రుద్ది, ఆ మచ్చ గీశాను. అప్పుడు కాగితం మడత పడకుండా చుట్టి లోపలికి తీసుకెళ్ళింది.