మాచా కొనేటప్పుడు గ్రేడ్ పేరు కాదు, పొడి చూడండి

నమస్కారమండి. నా ముందు రెండు మాచా డబ్బాలున్నాయి. మాచా అంటే తేయాకును మెత్తగా విసిరిన పచ్చటి పొడి. ఒకదాని మీద సెరిమోనియల్ గ్రేడ్, అంటే నీళ్లలో కలిపి తాగే రకం అని ఉంది, రెండోదాని మీద కలినరీ గ్రేడ్, అంటే వంటకాల్లో వాడే రకం. ముందుగా ఒక మాట. మాచా పుట్టిల్లు జపాన్‌లో ఈ పేర్లకు చట్టం పెట్టిన కొలతేమీ లేదు. అమ్మేవాళ్లు పెట్టుకున్న పేర్లివి. కాబట్టి మూత తీసి పొడినే చూద్దాం.

తెల్ల కాగితం మీద రెండూ చిటికెడు చొప్పున వేసి, వేలితో ఇలా గీయండి. మొదటిది వరినారు రంగులో మెరుస్తోంది, వేలికి పౌడర్‌లా అంటుకుంటోంది. రెండోది ఎండిన కరివేపాకు రంగుకు తిరిగింది, కాస్త గరుకుగా తగులుతోంది. ఎండుగడ్డి వాసన వస్తే మాత్రం ఆ పొడి పాతబడిపోయినట్టే.

ఈ తేడా తోటలోనే మొదలవుతుంది. కోతకు మూడు నాలుగు వారాల ముందు తేయాకు మొక్కల మీద నీడ పందిరి వేస్తారు. కమ్మదనాన్నిచ్చే థియనైన్ ఎండ తగిలితే వగరుగా ఉండే కాటెచిన్లుగా మారుతుంది, నీడలో అయితే ఆకులోనే నిలుస్తుంది. క్లోరోఫిల్ కూడా పెరుగుతుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టి, ఆకు నలపకుండా ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేస్తే మిగిలేది తెంచా. దాన్ని రాతి తిరగలిలో విసిరితే మాచా. తిరగలి గంటకు 30, 40 గ్రాములకు మించి ఇవ్వదు. వేగం పెంచితే రాయి వేడెక్కి సువాసన పోతుంది. మంచి మాచాకు అంత ధర అందుకేనండి!

డబ్బా మీద మూడు చూడండి: వసంతకాలపు మొదటి కోతేనా, ఉజి, నిషియో, యమె లాంటి జపాన్ ఊరి పేరుందా, టీ ఆకు తప్ప పంచదార, పాలపొడి ఏమైనా కలిపారా. ఉత్త గ్రీన్ టీ పౌడర్ అని ఉంటే మాచా అనుకోకండి.

నీళ్లలో కలిపి తాగడానికి మొదటి రకం. లాటేకి, కేకుకి రెండోదే సరి. దాని చేదు పాలలోనూ తీపిలోనూ నిలబడుతుంది. ఖరీదైన పొడి పాలలో పోస్తే దాని సున్నితమైన రుచి తెలియకుండా పోతుంది.

ఇప్పుడు కలుపుదాం. 2 గ్రాముల పొడిని టీ జల్లెడలో జల్లించండి. ఇది మానేస్తే ఎంత గిలక్కొట్టినా ఉండలు విడవవు. నీళ్లు 70 మిల్లీలీటర్లు, వేడి 75 నుంచి 80 డిగ్రీలు. థర్మామీటర్ లేదా? మరిగిన నీళ్లను రెండు గ్లాసుల మధ్య రెండు మూడుసార్లు తిరగబోయండి, చాలు. సలసలమనే నీళ్లు నేరుగా పోస్తే మంచి పొడి కూడా చేదెక్కుతుంది.

చసెన్ అనే ఈ వెదురు కవ్వాన్ని ముందే గోరువెచ్చని నీళ్లలో ఒక నిమిషం ఉంచాను. పొడిగా వాడితే పుల్లలు విరుగుతాయి. గుండ్రంగా తిప్పకండి, నురగ రాదు. మణికట్టుతో ముందుకీ వెనక్కీ, గిన్నె అడుగు గీరకుండా, 20 సెకన్లు. చూశారా, సన్నటి నురగ! వెంటనే తాగేయండి, ఆగితే పొడి అడుగుకు చేరుతుంది. ఆకంతా తాగేస్తున్నాం కాబట్టి కెఫీన్ తక్కువేం కాదు, రాత్రిపూట వద్దు.

తెరిచిన డబ్బాను నెలా నెలన్నరలో వాడేయండి. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి. తీశారంటే గాలిలోని తేమ చేరి పొడి ముద్దకడుతుంది.