గెడ్డకూ ఒక పద్దు రాయండి

అందరికీ నమస్కారం.

మునిసిపల్ ఇంజనీరింగ్ పనుల్లో ముప్పై ఏళ్లకు పైగా గడిపి రిటైరైనవాణ్ణి. విశాఖ సాధించినవాటి గురించి, రాబోయే పాతికేళ్ల ప్రణాళిక గురించి మాట్లాడమన్నారు. కట్టినదాన్ని నిలబెట్టుకోవడం గురించే చెప్తాను, చివరికి కొండల నుంచి వాన నీరు పారే వాగుల దగ్గరికి, అంటే మన గెడ్డల దగ్గరికి వస్తాను. బీచ్‌తోనే మొదలుపెడతాను. మనింటికి చుట్టాలొస్తే ముందు తీసుకెళ్లేది అక్కడికే కదా.

కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున ఉంది. 2017లో టీయూ-142 విమానం కూడా వచ్చి చేరింది. పిల్లలు రెండూ చూస్తారు, మురీ మిక్చర్ తింటారు, ఇసుకలో ఆడుకుంటారు. ఆ ఇసుక అక్కడ ఎలా ఉంటోందో మాత్రం ఎవరూ అడగరు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతికట్టలు వేశాక ఆ నడకకు అడ్డు పడింది. ఇసుక కట్టల దగ్గరే పేరుకుపోతుంది, ఇటు బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తోడి ఇటువైపు పోస్తుంటారు. పోయడం మానేస్తే మనం గర్వంగా చూపించుకునే బీచ్ సన్నబడిపోతుంది. కట్టడానికి ఒకసారే ఖర్చు, నిలబెట్టుకోవడానికి ఎప్పుడూ ఖర్చే.

నీటి సంగతీ అంతే. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలు మనకు నీళ్లిస్తున్నాయి. ఏలేరు నుంచి నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువ ప్రయాణం చేసి మరీ నీళ్లు వస్తున్నాయి. ఇంత పొడవున వచ్చిన నీటిని కొండవాలు కాలనీలకు మళ్లీ మోటార్లతో ఎక్కించాలి. మెట్ల మీద వరసగా పెట్టిన బిందెల దగ్గర, కుళాయిలోంచి గాలి బుస్సుమంటుంటే పనికి వెళ్లే టైమ్ దాటిపోతోందని టెన్షన్ పడే ఆడవాళ్లను నేను ఎన్నో పొద్దుల్లో చూశాను. పెద్ద ప్రాజెక్టు పూర్తయిందో లేదో తెలిసేది ఆ పై మెట్టు దగ్గరే.

ఒకసారి ఒక వీధిలో కొత్తగా తారు పోశారు. పోసిన కాంట్రాక్టరు వాల్వ్ చాంబర్‌ను, అంటే నీళ్లు వదిలే వాల్వ్ ఉండే గుంతను కూడా కప్పేశాడు. రెండు రోజులు నీళ్లు లేవు. మా ఫిట్టర్ ఒకాయన వచ్చి, గోడ పక్కన ఉన్న కొబ్బరిచెట్టు మొదలు నుంచి అడుగులు లెక్కపెట్టాడు. ఆరో అడుగు దగ్గర ఆగి, ఇనప కడ్డీ నేలకు ఆన్చి, రెండో కొసకు చెవి పెట్టి విన్నాడు. "ఇక్కడే సార్, తవ్వండి" అన్నాడు. జానెడు లోతులో మూత దొరికింది. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. ఆ కొబ్బరిచెట్టు హుద్‌హుద్ తుఫానులో పడిపోయింది. ఆయన రిటైరయ్యాడు. ఆ వాల్వ్ ఎక్కడుందో ఏ కాగితంలోనైనా ఉందా?

హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి ఊరి గొప్ప కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న కరెంటు పోయింది, కరెంటుతో పంపులు ఆగాయి, పంపులతో నీళ్లు ఆగాయి. ఆ దెబ్బ నుంచి లేచిన తీరు మామూలుది కాదు. వీధిదీపాలన్నీ ఎల్‌ఈడీలకు మారాయి. కరెంటు తీగలు భూమిలోకి వేసే పని మొదలైంది. 2018లో ముడసర్లోవ నీళ్ల మీద 2 మెగావాట్ల సౌర పలకలు తేలాయి. నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో దేశంలో మూడో స్థానం తెచ్చుకున్నాం. తెల్లారేసరికి చీపురు పట్టిన పారిశుధ్య కార్మికులకు ఆ ర్యాంకులో పెద్ద వాటా ఉంది.

ఇక డబ్బు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర నగరాభివృద్ధి పథకం ఉన్నప్పుడు మన స్థాయి నగరానికి రూపాయిలో 50 పైసలు కేంద్రం, 20 పైసలు రాష్ట్రం, 30 పైసలు మనం పెట్టుకోవాలన్నది అప్పటి లెక్క. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి 20 పేర్లలో మనం ఉన్నాం, అక్కడా కేంద్రం వాటాకు దీటుగా రాష్ట్రం, నగరం కలిసి పెట్టాల్సి వచ్చింది. ఇవి కట్టడానికి వచ్చే డబ్బులు. కట్టాక మోటారు కాలిపోతే, గొట్టం పగిలితే ఆ ఖర్చు మన ఇంటి పన్ను, నీటి పన్ను నుంచే రావాలి. ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ నిండా అంచనా వ్యయం ఉంటుంది, కట్టాక ఆరో ఏడు నిర్వహణ ఎవరిదన్న వరుస కోసం వెతుక్కోవాలి. నేనూ అలాంటి రిపోర్టుల మీద సంతకాలు పెట్టాను, అందుకే ఇంత పట్టుగా చెప్తున్నాను.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది గెడ్డల సంగతి. సింహాచలం కొండలకు, యారాడ కొండకు మధ్య పళ్లెంలా ఉన్న ఊరు మనది. కొండ మీద పడ్డ వాన గెడ్డల్లోంచే పోవాలి. వాటిని ఇరుకు చేసి, పైన శ్లాబులు వేసి, మురుగు కలిపేశాం. గట్టి వాన పడితే జ్ఞానాపురం, చావులమదుం దగ్గర నీళ్లు ఎలా నిలిచిపోతాయో మీకు చెప్పక్కర్లేదు. అయినా గెడ్డ పూడిక తీయడం ఏటా వర్షాకాలం ముందు హడావుడిగా చేసే పనిగానే మిగిలింది. దీర్ఘకాలిక ప్రణాళికలో వంతెనకు, పార్కుకు ఉన్నట్టే దానికీ సొంత పద్దు ఉండాలి.

2012 నుంచి 2021 దాకా మన నగర కార్పొరేషన్‌కు ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఆ తొమ్మిదేళ్లలో పనులు ఆగలేదు, కానీ మా వీధికి ముందు ఏది కావాలని అడగడానికి కార్పొరేటర్ లేడు. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగాయి. అడిగే అలవాటును మాత్రం మనమే మళ్లీ తెచ్చుకోవాలి.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. అందులో నాలుగే గడులు: మీ వార్డులో ఏం కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎన్నేళ్లు ఉంటుంది, ఇప్పుడు చూసుకుంటున్నది ఎవరు. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి, నింపి వార్డు సచివాలయంలో ఇవ్వండి. కింద కొంచెం ఖాళీ వదిలాను. మీ వీధి పక్కనుంచి పారే గెడ్డ పేరు అక్కడ రాయండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లనడగండి, వాళ్లకు గుర్తుంటుంది.